సులిలి తండ్రి ఎవరు? అస్సీరియా రాజుల జాబితాలో 27వ పేరు గురించి

మట్టిపలక (చర్చను ప్రారంభించినవారు):

సభ్యులందరికీ నమస్కారం. నేటి ఇరాక్ ఉత్తర భాగంలో అష్షూరు నగరం కేంద్రంగా వెలసిన ప్రాచీన రాజ్యం అస్సీరియా. దాని తొలి రాజుల వంశవృక్షాన్ని ఒక పెద్ద చార్టు కాగితం మీద గీయడం మొదలుపెట్టి మూడు వారాలయింది. ఎవరి తరువాత ఎవరు, ఎవరు ఎవరి కొడుకు అన్న వివరాలను అస్సీరియా రాజుల జాబితా నుంచే తీసుకుంటున్నాను. పని సాఫీగానే సాగుతుండగా 27వ పేరు దగ్గర కలం ఆగిపోయింది. ఆ పేరు సులిలి. జాబితా ఇతనిని "అమీను కుమారుడు" అంటుంది. ఆ అమీను ఇల-కబ్‌కబు కుమారుడని అంతకు కొద్దిగా ముందే ఉంది. అయితే అదే జాబితాలో 39వ రాజైన షంషి-అదాదు కూడా ఇల-కబ్‌కబు కుమారుడే. ఈ రెండు మాటలనూ ఉన్నవి ఉన్నట్టుగా గీతల్లో పెడితే సులిలి షంషి-అదాదుకు సోదరుని కొడుకు అవుతాడు. కానీ వారిద్దరి మధ్య పదకొండు మంది రాజులు, సుమారు రెండు వందల సంవత్సరాలు ఉన్నాయి. పినతండ్రి కన్నా రెండు శతాబ్దాల ముందు రాజ్యం చేసిన అన్న కొడుకును చార్టులో ఎక్కడ పెట్టాలో తోచక ఇక్కడికి వచ్చాను. సులిలి గురించి జాబితాకు బయట ఏమైనా ఆధారం ఉందా? అతని తండ్రిగా నేను ఎవరిని రాయాలి?

శాసనప్రియ:

మట్టిపలక గారూ, మీరు ఆగిన చోటే చాలామంది ఆగారు. ముందుగా జాబితా ఎటువంటిదో చెప్పుకుంటే చిక్కు ఎక్కడ ఉందో స్పష్టపడుతుంది.

మనకు దొరికిన ముఖ్యమైన ప్రతులు మూడు. ఇస్తాంబుల్‌లో ఉన్న ప్రతిని 1927లో ప్రకటించారు; అది రెండవ తిగ్లత్పిలేసెరుతో ముగుస్తుంది. రెండవది ఖోర్సాబాదు ప్రతి. షికాగో విశ్వవిద్యాలయం వారు 1932-33 తవ్వకాలలో వెలికితీసిన దానిని ఆర్నో పోబెల్ 1942-43లో ప్రచురించారు. అది క్రీ.పూ. 738లో నకలు చేసిన పలక. మూడవది ఐదవ షల్మనేసెరు దాకా వస్తుంది. అంటే మన చేతిలో ఉన్న అతి పాత ప్రతి కూడా, సులిలి జీవించిన కాలానికి వెయ్యి సంవత్సరాల తరువాత రాసినదే. ఈ దూరాన్ని మనసులో పెట్టుకోకుండా జాబితాను చదవకూడదని నా అభిప్రాయం.

జాబితా మొదటి భాగం మూడు ముక్కలుగా ఉంటుంది. తూదియ, ఆదాము మొదలుకొని ఉష్పియ, అపియషల్ వరకు "గుడారాలలో నివసించిన 17 మంది రాజులు". ఆ తరువాత "పితరులైన 10 మంది రాజులు". ఆ తరువాత, ఇటుకల మీద పేర్లు ఉన్నవారు, ఏ సంవత్సరాధికారుల (ఏడాదికి ఒకరు చొప్పున, ఆ ఏటికి పేరుగా నిలిచిన అధికారుల) కాలంలో పాలించారో తెలియనివారు అని చెప్పబడిన 6 గురు: సులిలి, కిక్కియ, అకియ, పుజుర్-అష్షూరు, షలిమ్-అహుం, ఇలుషుమ. వీరి తరువాత వచ్చే ఎరిషుం నుంచే పాలనా కాలాలు సంవత్సరాలలో లెక్కకు వస్తాయి.

ఇప్పుడు మధ్య ముక్కను చూడండి. మిగిలిన జాబితా అంతా పైనుంచి కిందికి, అంటే ముందువారి నుంచి తరువాతివారికి నడుస్తుంటే, ఈ పదిమంది మాత్రం తలకిందులుగా నడుస్తారు. "ఇల-కబ్‌కబు కుమారుడు అమీను, యజ్కుర్-ఎల్ కుమారుడు ఇల-కబ్‌కబు, యక్మేని కుమారుడు యజ్కుర్-ఎల్" అంటూ వెనక్కు పోయి, "ఉష్పియ కుమారుడు అపియషల్" దగ్గర ఆగుతుంది. పై చివర అపియషల్ రెండుసార్లు వస్తాడు: 17 మందిలో చివరివాడుగా ఒకసారి, 10 మందిలో చివరివాడుగా మరొకసారి. కింది చివర అమీను, సులిలికి తండ్రిగా వస్తాడు. వేరే చోట తయారైన ఒక వంశావళిని తెచ్చి రెండు చివరలా కుట్టారనడానికి ఇంతకన్నా స్పష్టమైన గుర్తు ఉండదు. ఆ పదిమందీ అష్షూరు నగర పాలకులు కాదు, షంషి-అదాదు పూర్వీకులు అని బెన్నో లాండ్స్‌బెర్గర్ 1954లోనే వాదించారు. నేటికీ ఎక్కువమంది ఆ మాటనే అంగీకరిస్తున్నారు.

కొత్తచదువరి:

నేను ఈ విషయానికి కొత్త. నాకు ఈ పేర్లలో కొన్ని మా ఇంట్లోని బైబిలు ద్వారా తెలుసు. అష్షూరు, నీనెవె, షల్మనేసెరు, సన్హెరీబు, ఏసర్హద్దోను అన్నవి చిన్నప్పటి నుంచి విన్నవే. యెషయా గ్రంథం 20వ అధ్యాయంలో సర్గోను పేరు ఉంది. మీరు చెబుతున్న జాబితాలోని 35వ రాజైన సర్గోను ఇతనేనా? అలాగే, తూదియ అనే మొట్టమొదటి రాజు సిరియాలోని ఎబ్లా నగర పాలకునితో ఒప్పందం చేసుకున్నాడని ఒకచోట చదివాను. అది నిజమైతే గుడారాల రాజులు కూడా చారిత్రక వ్యక్తులే కదా?

శాసనప్రియ:

కొత్తచదువరి గారూ, యెషయా గ్రంథంలోని సర్గోను అష్డోదును పట్టుకున్న రెండవ సర్గోను, క్రీ.పూ. 8వ శతాబ్దం చివరివాడు. 35వ రాజు మొదటి సర్గోను అతనికి పన్నెండు వందల సంవత్సరాల ముందువాడు, ఎరిషుం మనుమడు, ఇకునుం కొడుకు. ఈ చర్చలో వచ్చేవాడు ఇతనే.

తూదియ సంగతి వేరు. ఎబ్లా పలకలు 1970ల మధ్యలో బయటపడినప్పుడు వాటిని మొదట చదివిన జొవాన్ని పెత్తినాతో ఒక ఒప్పంద పత్రంలో అష్షూరు పేరునూ తూదియ పేరునూ చదివారు. ఆ తరువాత పరిశీలించినవారు అక్కడ ఉన్న ఊరి పేరు అష్షూరు కాదని, అబర్సల్ అని తేల్చారు. దానితో ఆ ఒప్పందం తూదియ నుంచి జారిపోయింది. పాత పుస్తకాలలోనూ, వాటిని చూసి రాసిన వ్యాసాలలోనూ ఇంకా పాత మాటే తిరుగుతోంది కాబట్టి మీ తప్పేమీ లేదు.

రాగిరేకు:

శాసనప్రియ గారి వివరణ బాగుంది కానీ, అతుకు కనిపించింది కదా అని సులిలినే కొట్టిపారేయడం తొందరపాటు అవుతుంది. జాబితాకు బయట ఒక ఆధారం ఉంది.

నేటి టర్కీలో కైసేరి దగ్గర ఉన్న కుల్‌తెపె దిబ్బలో, అంటే పాత కనేష్‌లో, అష్షూరు వర్తకుల పలకలు ఇరవై వేలకు పైగా దొరికాయి. గాడిదల మీద తగరం, బట్టలు వేసుకుని వెయ్యి కిలోమీటర్ల దూరం వెళ్లి వెండి, బంగారం తెచ్చుకున్న వర్తకులు వారు. వారి పత్రాల మట్టి తొడుగుల మీద దొర్లించిన ముద్రలలో ఒకదాని మీద ఇలా ఉంది: "అష్షూరు రాజు, సిలులు అష్షూరు ప్రతినిధి, దాకికి కుమారుడు, అష్షూరు నగర చాటింపుదారు." ఆ పత్రం మీద ముద్ర వేసినది తరువాతి కాలపు మనిషి, ముద్ర మాత్రం అతనికన్నా బాగా పాతది. పాత ముద్రలను తరువాతివారు వాడుకోవడం అక్కడ మామూలే.

ఈ సిలులును జాబితాలోని సులిలిగా గుర్తించినవారు ఉన్నారు. అచ్చులు అటూ ఇటూ అయినా హల్లులు దగ్గరగా ఉన్నాయి, కాలం కుదురుతుంది, బిరుదు సరిగ్గా అష్షూరు పాలకుని బిరుదే. కుదరనిది ఒక్కటే: తండ్రి పేరు. జాబితా అమీను అంటుంది, ముద్ర దాకికి అంటుంది. నావరకు నేను ముద్ర మాటనే నమ్ముతాను. ముద్ర ఆ మనిషి చేతిలో ఉండినది. జాబితా అతని తరువాత ఎన్నో తరాల వారు రాసినది.

మట్టిపలక:

రాగిరేకు గారూ, మీ సందేశం చదివాక జాబితాలోని ఆ ఆరుగురి వరుసను మళ్లీ చూశాను. ఒక సంగతి నన్ను ఆశ్చర్యపరిచింది. ఆరుగురిలో సులిలికి తప్ప మరెవరికీ తండ్రి పేరు లేదు. కిక్కియకు లేదు, అకియకు లేదు, పుజుర్-అష్షూరుకు లేదు. అంతవరకు వారి తండ్రుల పేర్లు జాబితా రాసినవారికి అందలేదని సరిపెట్టుకోవచ్చు. కానీ షలిమ్-అహుం సొంత శాసనం దొరికింది; అందులో అతడు తాను పుజుర్-అష్షూరు కుమారుడనని చెప్పుకున్నాడు. ఇలుషుమ తన శాసనాలలో తాను షలిమ్-అహుం కుమారుడనని చెప్పుకున్నాడు. జాబితా కూర్చినవారు నిజంగా ఇటుకలు చూసి ఈ పేర్లు రాసి ఉంటే, తండ్రుల పేర్లు కూడా వారి కళ్ల ముందే ఉండి ఉండాలి. అయినా రాయలేదు. సులిలికి ఒక్కడికే రాశారు. దీనిని బట్టి "అమీను కుమారుడు" అన్న మాట ఇటుక మీద నుంచి వచ్చినది కాదనీ, పదిమంది పితరుల ముక్కను కింది ముక్కకు తగిలించడానికి వేసిన దారమనీ నాకు అనిపిస్తోంది. ఈ తర్కంలో లోపం ఉంటే చెప్పండి.

శాసనప్రియ:

లోపం లేదు, పైగా మీ మాటకు బలమిచ్చే మరో ఆధారం ఉంది. సిరియాలోని మారీ నగరంలో దొరికిన సంవత్సరాధికారుల వృత్తాంతాన్ని 1985లో ప్రకటించారు. అందులో ఏ ఏటికి ఆ ఏటి అధికారి పేరు చెప్పి, ఆ సంవత్సరంలో జరిగిన సంఘటనను ఒక్క వాక్యంలో రాస్తారు. ఇల-కబ్‌కబు సుప్రుం అనే ఊరిని పట్టుకోవడం, అమీను షదుప్పుం అనే ఊరిని పట్టుకోవడం, షంషి-అదాదు తన తండ్రి గద్దెనెక్కడం ఆ వృత్తాంతంలోనే ఉన్నాయి. అంటే ఇల-కబ్‌కబు, అమీను అనే పేర్లు గల ఇద్దరు అధిపతులు క్రీ.పూ. 19వ శతాబ్దంలో, షంషి-అదాదుకు సరిగ్గా ముందు తరంలోనూ అతని తరంలోనూ కనిపిస్తున్నారు. అమీను షంషి-అదాదుకు అన్న అయి ఉంటాడన్న ఊహ అక్కడి నుంచే వచ్చింది. సులిలి కాలంలో అదే తండ్రీ కొడుకుల పేర్ల జంట మరొకటి ఉండేదని అనడం కన్నా, 19వ శతాబ్దపు జంటనే రెండు వందల ఏళ్లు వెనక్కు జరిపారనడం తేలిక.

లెక్కలమాస్టారు:

నేను చరిత్ర విద్యార్థిని కాను, గణితం చెప్పి పదవీ విరమణ చేసినవాడిని. "రెండు వందల సంవత్సరాలు" అన్న మాట అందరూ అలవోకగా వాడుతున్నారు కాబట్టి అది ఎక్కడి నుంచి వచ్చిందో సరిచూశాను.

అష్షూరులో ఏడాదికి ఒక అధికారి పేరు పెట్టేవారు. ఆ అధికారిని లిమ్ము అంటారు. మనకు ప్రభవ, విభవ అని సంవత్సరాలకు పేర్లు ఉన్నట్టే అనుకోవచ్చు కానీ, మన అరవై పేర్లు తిరిగి తిరిగి వస్తాయి, వారివి రావు. అందువల్ల ఆ పేర్ల వరుస చేతిలో ఉంటే సంవత్సరాలను వేళ్ల మీద లెక్కించవచ్చు. ఎరిషుం పాలన మొదటి ఏటి నుంచి మొదలయ్యే అటువంటి వరుస ఒకటి కుల్‌తెపెలో దొరికింది. దానిని 2003లో ప్రచురించారు. దాని ప్రకారం ఎరిషుం 40, ఇకునుం 14, సర్గోను 40, రెండవ పుజుర్-అష్షూరు 8 సంవత్సరాలు పాలించారు. ఆ తరువాత నరామ్-సిన్, అతని కొడుకు రెండవ ఎరిషుం. వారిని తోసి షంషి-అదాదు. ఈ లెక్కన ఎరిషుం క్రీ.పూ. 1974 ప్రాంతంలోనూ, షంషి-అదాదు 1808 ప్రాంతంలోనూ అధికారానికి వచ్చారు. ఎరిషుం కన్నా ముందు ఆరుగురు ఉన్నారు కాబట్టి సులిలి, షంషి-అదాదుల మధ్య రెండు వందల సంవత్సరాలు అనడం సబబే, తక్కువే చెప్పినట్టు.

మరో సరదా లెక్క ఉంది. అష్షూరు దేవుని గుడిని ఉష్పియ కట్టాడనీ, ఎరిషుం మళ్లీ కట్టాడనీ, ఆ తరువాత 159 ఏళ్లకు షంషి-అదాదు కట్టాడనీ మొదటి షల్మనేసెరు క్రీ.పూ. 13వ శతాబ్దంలో రాయించాడు. ఆరు వందల ఏళ్ల తరువాత అదే గుడిని బాగుచేయించిన ఏసర్హద్దోను ఆ విరామాన్ని 126 ఏళ్లు అన్నాడు. 159లోంచి 126 తీసేస్తే 33. జాబితా ప్రకారం షంషి-అదాదు పాలించినది సరిగ్గా 33 ఏళ్లు! అంటే ఒకరు అతని పాలన ముగిసేదాకా లెక్కవేశారు, మరొకరు మొదలయ్యేదాకా లెక్కవేశారు. ఇద్దరి మొదలు మాత్రం ఒకటే, ఎరిషుం పాలన చివర. పైన చెప్పిన 1974లోంచి ఎరిషుం 40 ఏళ్లు తీసి, అక్కడి నుంచి 1808 దాకా లెక్కపెట్టండి: 126. ఏసర్హద్దోను గుమాస్తాల లెక్క పన్నెండు వందల ఏళ్లకు పైబడిన తరువాత కూడా తప్పలేదు.

అయితే వారి లెక్కలన్నీ ఇంత చక్కగా ఉండవు. షంషి-అదాదు నుంచి షల్మనేసెరు దాకా ఎంత కాలమంటే షల్మనేసెరు 580 అంటాడు, ఏసర్హద్దోను 434 అంటాడు. నేటి లెక్కకు అది ఐదు వందల చిల్లర, ఇద్దరూ తప్పే.

రాగిరేకు:

మాస్టారూ, మీ తీసివేత చూసి నిజంగా ముచ్చటపడ్డాను. అయితే ఒక మాట గమనించాలి. ఎరిషుం నుంచి లెక్క సరిపోవడానికి కారణం అక్కడి నుంచి లిమ్ము పేర్లు ఉండటమే. ఎరిషుంకు ముందు ఆ ఊతం లేదు. కాబట్టి ఉష్పియకూ ఎరిషుంకూ మధ్య ఎన్ని సంవత్సరాలు అన్నది షల్మనేసెరు చెప్పలేదు, ఏసర్హద్దోను చెప్పలేదు. తెలిసిన చోట సంఖ్య చెప్పి, తెలియని చోట మౌనంగా ఉన్న వారి పద్ధతి నాకు నచ్చింది.

ఇక వంశావళుల అతుకుల విషయం. ఇది వింటుంటే మన తూర్పు చాళుక్యుల దానశాసనాలు గుర్తుకు వస్తున్నాయి. తొలి శాసనాలలో కుబ్జ విష్ణువర్ధనుని నుంచి సాదాగా మొదలయ్యే వంశం, 11వ శతాబ్దానికి వచ్చేసరికి, విమలాదిత్యుని రణస్థిపూండి శాసనంలోనూ రాజరాజ నరేంద్రుని కోరుమిల్లి శాసనంలోనూ, చంద్రుని నుంచి మొదలై అయోధ్యలో యాభై తొమ్మిది మంది చక్రవర్తుల మీదుగా దిగివస్తుంది. అతుకు వేసే కళ ఒక్క దేశానిది కాదు.

లెక్కలమాస్టారు:

పోలిక బాగానే ఉంది కానీ పూర్తిగా సరిపోదు. చాళుక్యులు తమ వంశానికే పైన అంతస్తులు కట్టుకున్నారు. ఇక్కడ జరిగినది అది కాదు. ఒక ఊరి పాలకుల వరుసలోకి బయటివాడు తన తాతముత్తాతలను చొప్పించాడు.

నిర్వాహకులు:

పోలిక ఆసక్తికరమే. దాని మీద చర్చించదలచినవారు దయచేసి శాసనాల విభాగంలో వేరే చర్చ ప్రారంభించండి. ఇక్కడ అష్షూరు వరకే ఉందాం.

కొత్తచదువరి:

రాగిరేకు గారు ఉటంకించిన ముద్రలో "అష్షూరు రాజు, సిలులు అష్షూరు ప్రతినిధి" అని ఉంది. అష్షూరు అన్నది ఊరి పేరు కదా, ఊరు రాజు ఎలా అవుతుంది? సిలులు రాజు కాకపోతే అతని పేరును రాజుల జాబితాలో వెతకడం ఎందుకు?

శాసనప్రియ:

చాలా మంచి ప్రశ్న. అష్షూరు అన్నది టైగ్రిస్ నది ఒడ్డున, నేటి ఇరాక్‌లోని షెర్గాత్ దగ్గర ఉన్న నగరం పేరు. అక్కడి దేవుని పేరు కూడా అదే. ఊరు, దేవుడు వేరు కాదన్నంతగా ఆ రెండూ కలిసిపోయాయి. ఆ నగరవాసుల దృష్టిలో రాజు అంటే దేవుడే. మనిషి ఆ దేవునికి ప్రతినిధి మాత్రమే. ఆ బిరుదును వారి భాషలో ఇష్షియక్కు అంటారు. ఎరిషుం కూడా తన శాసనంలో ఇదే మాట చెప్పాడు: అష్షూరు రాజు, ఎరిషుం అతని ప్రతినిధి. కనేష్‌కు రాసిన ఉత్తరాలలో పాలకుడు తనను "పర్యవేక్షకుడు" అని చెప్పుకునేవాడు. నగరసభకు గట్టి అధికారం ఉండేది. తీర్పులు "నగరం" పేరు మీద వెలువడేవి. "అస్సీరియా దేశపు రాజు" అని ధైర్యంగా చెప్పుకున్న తొలి పాలకుడు క్రీ.పూ. 14వ శతాబ్దానికి చెందిన అష్షూరు-ఉబల్లిత్.

కాబట్టి సులిలి, కిక్కియ వంటివారిని "రాజులు" అనడం జాబితా రాసిన తరువాతి కాలపు వారి అలవాటు. తాము రాజులు కనుక ముందువారూ రాజులే అనుకున్నారు. గుడారాలవారికి సైతం ఆ మాటే తగిలించారు.

ఆ 17 పేర్లలో మరొక విశేషం ఉంది. బాబిలోనులో హమ్మురాబి వంశానికి చెందిన అమ్మిసదూక కాలంలో, చనిపోయిన పూర్వీకులకు పిలిచి నైవేద్యం పెట్టే సందర్భంలో చదివిన ఒక వంశావళిని 1966లో ప్రకటించారు. అందులోని తొలి పేర్లూ గుడారాల రాజుల పేర్లూ ఒకే మూలం నుంచి వచ్చాయి. అక్కడ దితాను, ఇక్కడ దిదాను. అక్కడ హేయాన, ఇక్కడ హాను. అక్కడ జుమ్మాబు, ఇక్కడ జుఆబు. వీటిలో కొన్ని మనుషుల పేర్లు కూడా కావు, అమోరీలనే సంచార జాతి తెగల పేర్లు. బాబిలోను వంశమూ షంషి-అదాదు వంశమూ తమ మూలాలను ఒకే తెగల జ్ఞాపకంలోంచి తోడుకున్నాయని దీనినిబట్టి తెలుస్తుంది. మన తర్పణాలలో మూడు తరాల పేర్లే చెబుతాం. వారు ఇరవై తరాలకు పైగా చెప్పేవారు, వెనక్కు వెళ్లే కొద్దీ పేర్లు మనుషుల నుంచి తెగలకు జారిపోయేవి.

మట్టిపలక:

అయితే అష్షూరు నగరంలో నిజంగా సులిలి కాలానికి, అంతకు ముందుకు ఎవరు పాలించారో చెప్పే ఆధారాలు ఉన్నాయా? చార్టులో ఆ భాగాన్ని ఖాళీగా వదలడం నాకు ఇష్టం లేదు.

రాగిరేకు:

ఉన్నాయి, కానీ వారిలో చాలామంది జాబితాలో లేరు. విచిత్రం అక్కడే ఉంది.

ఇనిన్లాబ కొడుకు ఇతితి, గసూరు అనే నగరపు కొల్లసొమ్ములోంచి ఇష్తారు దేవతకు ఇచ్చిన కానుక మీద తన పేరు చెక్కించాడు. దక్షిణాన ఉన్న అక్కదు రాజ్యపు రాజు మనిష్తూషు సేవకుడినని చెప్పుకున్న అజూజు ఒక బల్లెపు మొనను దేవునికి సమర్పించాడు. దక్షిణాన ఉన్న ఊర్ అనే నగరపు మూడవ రాజవంశానికి చెందిన అమర్-సిన్ కాలంలో, అంటే క్రీ.పూ. 2040 ప్రాంతంలో, అష్షూరు అధిపతిగా ఉన్న జరీకుం తన రాజు ఆయుష్షు కోరి బేలత్-ఏకల్లిం అనే దేవతకు గుడి కట్టించినట్టు రాతి ఫలకం మీద రాయించాడు. ఇతితి, అజూజు, జరీకుం, ఈ ముగ్గురి పేర్లూ జాబితాలో లేవు. పరాయి రాజుకు లోబడి ఉన్న రోజులను జాబితా గుర్తుపెట్టుకోదలచుకోలేదని నా అనుమానం.

కిక్కియ విషయంలో మాత్రం జాబితాకు గట్టి సాక్ష్యం ఉంది. క్రీ.పూ. 15వ శతాబ్దం చివర అష్షూరు-రిమ్-నిషేషు అనే పాలకుడు నగర ప్రాకారాన్ని బాగుచేయించి, అంతకు ముందు ఆ గోడను కట్టినవారి పేర్లు చెప్పాడు: కిక్కియ, ఇకునుం, సర్గోను, పుజుర్-అష్షూరు, ఇష్మె-దగాను కొడుకు అష్షూరు-నిరారి. ఆ వరుసలో కిక్కియదే మొదటి పేరు. ఆ గోడలో కిక్కియ పేరున్న ఇటుకనో పలకనో ఎవరో చూసి ఉంటేనే ఆరు వందల ఏళ్ల తరువాత ఆ పేరు వినిపిస్తుంది. అకియకు ఈపాటి ఊతం కూడా లేదు. అతని పేరు జాబితాలోనే పుట్టి జాబితాలోనే ముగిసింది.

శాసనప్రియ:

పుజుర్-అష్షూరు నుంచి మాత్రం నేల గట్టిపడుతుంది. అతని కొడుకు షలిమ్-అహుం, మనుమడు ఇలుషుమ, మునిమనుమడు ఎరిషుం, ఆ తరువాత ఇకునుం, సర్గోను, రెండవ పుజుర్-అష్షూరు: ప్రతి ఒక్కరినీ శాసనమో ముద్రో నిలబెడుతున్నాయి. ఇలుషుమ దక్షిణాన ఊర్, నిప్పూరు నగరాలు మొదలుకొని తన నగరం దాకా అక్కదువారికి స్వేచ్ఛ కల్పించాననీ, వారి రాగిని శుద్ధి చేశాననీ రాయించాడు. ఎరిషుం వెండి, బంగారం, రాగి, తగరం, బార్లీ, ఉన్ని మీద సుంకాలు ఎత్తివేశానని చెప్పాడు. తవుడు, పొట్టు దాకా ఆ జాబితా సాగుతుంది. వర్తక నగర పాలకులు ఇటువంటి గొప్పలే చెప్పుకుంటారు, యుద్ధాల గొప్పలు కాదు. మట్టిపలక గారూ, మీ చార్టులో ఈ ఏడుగురి మధ్య గీతలను ముదురు సిరాతో గీసుకోవచ్చు.

కొత్తచదువరి:

షంషి-అదాదు బయటివాడని అందరూ అంటున్నారు. అష్షూరు జనం ఆ సంగతి మరిచిపోయారా? జాబితా చెప్పిన మాటను నమ్మేశారా?

రాగిరేకు:

వెంటనే నమ్మలేదు. జాబితాయే కొంత నిజం చెబుతుంది: షంషి-అదాదు నరామ్-సిన్ కాలంలో బాబిలోనియాకు వెళ్లాడనీ, తిరిగి వచ్చి ఏకల్లాతు అనే నగరాన్ని పట్టుకుని మూడేళ్లు అక్కడ ఉన్నాడనీ, ఆ తరువాత నరామ్-సిన్ కొడుకు ఎరిషుంను గద్దె దింపి తాను కూర్చున్నాడనీ ఉంది. కబ్జా అన్న మాట లేదు కానీ కథ అదే.

అతని కొడుకు ఇష్మె-దగాను తరువాత వంశం చెదిరిపోయింది. ఆ కాలానికి చెందిన పుజుర్-సిన్ అనే పాలకుని శాసనం ఒక రాతి పలక మీద దొరికింది. షంషి-అదాదు సంతతివాడైన అసీను అనేవాడిని తాను తొలగించానని, షంషి-అదాదు పరాయి విత్తనమని, అష్షూరు నగరపు రక్తమాంసాలు కాదని, అతని కోటనూ గోడనూ పడగొట్టానని పుజుర్-సిన్ రాయించాడు. ఇంత స్పష్టంగా మాట్లాడిన మనిషి పేరు రాజుల జాబితాలో లేదు! అక్కడ ఆ చోట "ఎవరికీ పుట్టనివాడు, గద్దెకు తగనివాడు" అని అష్షూరు-దుగుల్‌ను, అతని కాలంలోనే వచ్చిపోయిన మరో ఆరుగురిని చెప్పి, వారిలో చివరివాడైన అదాసి దగ్గర ఆగుతుంది. అదాసి కొడుకు బేలు-బాని నుంచి మళ్లీ వరుస మొదలవుతుంది.

లెక్కలమాస్టారు:

అంటే ఏసర్హద్దోను తనను బేలు-బాని వంశస్థుడిగా చెప్పుకున్నాడని నేను చదివినది ఇందుకేనా? అతని దృష్టిలో అస్సీరియా రాజ్యాధికారానికి పునాది వేసినది అదాసి కొడుకే కదా.

శాసనప్రియ:

అవును మాస్టారూ. ఎరిషుం వంశం ఒకటి, షంషి-అదాదు వంశం ఒకటి, అదాసి వంశం ఒకటి, మూడూ వేరువేరు. కానీ పుజుర్-సిన్ కోపం కాలక్రమంలో ఎవరికీ గుర్తులేకుండా పోయింది. తరువాతి రాజులు షంషి-అదాదు పేరును గర్వంగా పెట్టుకున్నారు. ఐదవ షంషి-అదాదు వరకూ ఆ పేరు నడిచింది. ఆ గర్వానికి ఆధారం జాబితాయే. గద్దెను బలవంతంగా తీసుకున్న మనిషి పూర్వీకులను ఉష్పియకూ సులిలికీ మధ్య కూర్చోబెట్టిన తరువాత, అతడు పరాయివాడు కాడు, సొంత ఇంటికి తిరిగి వచ్చినవాడు అయ్యాడు. సులిలిని అమీను కొడుకుగా చేయడం వల్ల లాభపడినది సులిలి కాదు.

మట్టిపలక:

ఇప్పుడు నా చార్టు సంగతి. మీ అందరి మాటలూ విన్న తరువాత ఇలా గీయాలనుకుంటున్నాను. పైన 17 పేర్లను ఒకే పెట్టెలో, గీతలు లేకుండా. పదిమంది పితరులను అక్కడి నుంచి తీసి, కుడివైపున షంషి-అదాదుకు పైన, జాబితాలోని తలకిందుల వరుసను సరిచేసి. అమీనును షంషి-అదాదు పక్కన, ఒకే తండ్రి కింద. సులిలి, కిక్కియ, అకియలను నడి వరుసలో, ఒకరికి ఒకరితో గీత లేకుండా. పుజుర్-అష్షూరు నుంచి ముదురు గీత. ఇతితి, అజూజు, జరీకుం పేర్లు ఎడమ అంచున వేరే రంగులో. పుజుర్-సిన్‌కు కూడా చోటు ఇస్తాను. జాబితా ఇవ్వకపోతే నేనెందుకు ఇవ్వకూడదు?

ఒకటే సందేహం మిగిలింది. సులిలి పైన దాకికి పేరు రాయాలా?

రాగిరేకు:

రాయండి, కానీ చుక్కల గీతతో. సిలులు, సులిలి ఒకరే అన్నది బలమైన ఊహే అయినా ఊహే. ఆ ముద్ర మీద "దాకికి కుమారుడు" అన్న మాట సందేహం లేనిది; అతడే మీ 27వ రాజు అన్నది మనం కలిపినది. మనం ఇంతసేపూ జాబితా రాసినవారిని అతుకు వేశారని అన్నాం. మన అతుకు కూడా చూసేవారికి కనిపించాలి.

లెక్కలమాస్టారు:

అమీను నుంచి సులిలికి ఉన్న పాత గీతను పూర్తిగా చెరిపేయకండి. సన్నగా, పెన్సిలుతో ఉంచండి. ఖోర్సాబాదు పలక రాసిన గుమాస్తా గీసిన గీత అది.

మట్టిపలక:

అలాగే మాస్టారూ. దాకికికి చుక్కల గీత, అమీనుకు పెన్సిలు గీత. కాగితం మాత్రం సరిపోవడం లేదు. పక్కన మరో చార్టు అతికించాలి.